పాతిక లీటర్ల చెరువు

మా హాల్లోకి కొంగలు రావు. పీతలూ రావు. ఆ సంగతి మా ఆయనకు చెప్పి చూశాను. అయినా సరే, స్టూలు మీద పెట్టిన గాజు తొట్టెకు పైన నాలుగు వరసల దారం కట్టారు, స్టూలు కాళ్ళ చుట్టూ నీలం వల బిగించారు. చెరువన్నాక పైన కొంగలు వాలకుండా దారాలుండాలి, చుట్టూ పీతలు ఎక్కకుండా వల ఉండాలి. ఇరవై రెండేళ్ళు రొయ్యలు పెంచిన మనిషి, తొట్టెను చూసినా చెరువే అనుకుంటారు.

"పాతిక లీటర్ల నీళ్ళకి ఇంత కట్టుదిట్టం ఏంటండీ? ఎవరైనా చూస్తే నవ్వుతారు," అన్నాను.

"నవ్వనీ," అన్నారు ముడి బిగిస్తూ.

ఇంకో రోజైతే ఆ వల పీకి వీధిలో పారేసేదాన్ని. నాకు కోపం ముక్కు మీద ఉంటుందని కాట్రేనికోనలో అందరికీ తెలుసు. కానీ ఆ రోజు నోరు మూసుకున్నాను. మా ఆయన చేతుల్తో ఒక పని చేసి అప్పటికి ఏడాది దాటింది మరి.

మాకు మొగ పక్కన, గోదావరి పాయ సముద్రంలో కలిసే చోట, మూడెకరాల చెరువులు రెండున్నాయి. వరసగా మూడు పంటలు తెల్లమచ్చ తెగులుకి పోయాయి. మూడోసారి నలభై ఎనిమిదో రోజున పోయింది. ఆ పొద్దున ఆయన గట్టు మీద కూర్చుని, అరచేతులు తిప్పి చూసుకుంటూ, "మందుల తప్పు కాదే, రొయ్యపిల్లల సీడు తప్పూ కాదు. నా చెయ్యే మంచిది కాదు. నా చెయ్యి పడ్డ నీళ్ళలో ఏదీ బతకదు," అన్నారు. అనడమే కాదు, నమ్మేశారు. ముమ్మిడివరం ఆంజనేయప్రసాద్ గారికి చెరువులు ఏడాదికి లీజుకిచ్చేసి ఇంట్లో కూర్చున్నారు. టీవీ చూస్తారు, అన్నం తింటారు, పడుకుంటారు. పెళ్ళైన నాటి నుంచి నాతో రోజూ ఏదో ఒకదానికి వాదించే మనిషి, కూరలో ఉప్పెక్కువైనా మాట్లాడకుండా తినేస్తుంటే నాకు భయమేసింది.

ఇప్పుడు ఆ లీజు పదేళ్ళకి రాయమంటున్నారు ప్రసాద్ గారు. ఆయన పెద్దమనిషే, మర్యాదస్తుడే. జూన్ ఒకటో తారీకున కాగితాలు తెస్తామన్నారు. మా ఆయనకు యాభై నాలుగేళ్ళు. పదేళ్ళ తర్వాత ఇంకేం గట్టెక్కుతారు? సంతకం పెట్టొద్దని నేను మొత్తుకున్నాను. వింటేగా!

అప్పుడు మా అమ్మాయి గంగాభవాని తెచ్చింది ఈ తొట్టెని. అమలాపురంలో కాలేజీ పిల్లలకు జువాలజీ చెబుతుంది. అడుగున్నర పొడవు గాజు తొట్టె, అరచేతిలో పట్టే పంపు, నీలంగా వెలిగే లైటు, నాలుగు గుల్ల గుల్ల రాళ్ళు, ఒక సంచీ ఇసుక.

"ఇందులో సముద్రం పెట్టాలి నాన్నా. బుల్లి పగడపు దిబ్బ. నాకు తీరిక లేదు. నువ్వే పెట్టాలి," అంది.

"నా చేత్తోనా! ఒద్దమ్మా," అన్నారాయన.

నేను అందుకున్నాను. "ఒక మాటనుకుందామండీ. జూన్ ఒకటి దాకా ఇందులో ప్రాణం బతికి ఉంటే మీరు ఆ కాగితాల మీద సంతకం పెట్టకూడదు. చచ్చిపోతే పెట్టండి, నేను నోరెత్తను."

నేను నోరెత్తకుండా ఉండడమనేది ఆయనకు బాగా ఆశ కలిగించినట్టుంది. "సరే," అన్నారు.

ఉప్పు ప్యాకెట్టు కొని మంచినీళ్ళలో కలుపుకోవచ్చని గంగ చెబితే మాత్రం చాలా రోజుల తర్వాత ఆయనకు పౌరుషం వచ్చింది. "పన్నెండు కిలోమీటర్లలో సముద్రం పెట్టుకుని ఉప్పు కొంటామా! మీ కాలేజీలో ఇదేనా చెప్పేది?" అని లేచారు. అమావాస్య పోటు చూసుకుని, తమ్ముడి వరసైన వాళ్ళ పడవెక్కి, మొగ నీళ్ళు కలవనంత దూరం పోయి, నీలం డ్రమ్ము నిండా సముద్రం తెచ్చారు. నీళ్ళ ఉప్పదనం కొలిచే సెలినిటీ మీటరు అద్దం మీద ఒక చుక్క వేసి, వెలుగులోకి ఎత్తి చూసి, "ముప్ఫై మూడు!" అని కేకేశారు. ఆ కేక వినగానే నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. ఉల్లిపాయలు తరుగుతున్నాను కాబట్టి సరిపోయింది.

ఆ నీళ్ళకు హేచరీలో చేసినట్టే బ్లీచింగ్ పెట్టి, గాలి కొట్టించి, క్లోరిన్ పోయేదాకా మూడు రోజులాగారు. తొట్టెలో ఇసుక పరిచి, రాళ్ళు పేర్చి, నీళ్ళు పోసే ముందు నన్ను పిలిచారు. సీడు వేసే రోజున గంగమ్మకు పసుపూ కుంకుమా నేనే ఇచ్చేదాన్ని. గాజుకు మూడు బొట్లు పెట్టాను, నిమ్మకాయ తిప్పాను. మా అమ్మాయి జువాలజీ చదివింది కదా, పక్కకు తిరిగి నవ్వుకుంది.

తర్వాత నెల రోజులు తొట్టెలో ఏమీ లేదు. ఒట్టి రాళ్ళకే చిటికెడు రొయ్యల మేత వేస్తారు. అది కుళ్ళి అమ్మోనియా పెరగాలట, దాన్ని తినే సూక్ష్మజీవులు పుట్టాలట, అమ్మోనియా మళ్ళీ సున్నాకి దిగాలట. అప్పుడుగానీ ప్రాణిని వెయ్యకూడదట. వారానికోసారి సీసాలో నీళ్ళు పట్టుకుని ముమ్మిడివరం ల్యాబుకి పోయేవారు. ల్యాబు నడిపే విజయకుమార్‌కి అలవాటు చొప్పున చెరువు వివరాలు రాసుకోవాలి.

"చెరువు ఎన్నెకరాలండి, రాజు గారూ?"

"పాతిక లీటర్లండి."

విజయకుమార్ కలం ఆపి చూశాడట. మా ఆయన ఆ సంగతి ఇంటికొచ్చి చెప్పి, చెబుతూ చెబుతూ కొంచెం నవ్వారు. నిండుగా కాదు, మూతి ఒక వైపే.

ఏప్రిల్ రెండో వారంలో అమ్మోనియా సున్నా వచ్చింది. ఆదివారం గంగ సన్నటి సంచిలో నీళ్ళు, ఆ నీళ్ళలో ఉసిరికాయంత రాయి, ఆ రాయి మీద ఐదు పగడపు మొగ్గలూ తెచ్చింది. సముద్రంలోంచి కోసింది కాదట. రాతి పగడాలు అలా తేవడం నేరమట. ఇది మెత్తటి జాతి. విశాఖపట్నంలో జాస్మిన్ అని తన స్నేహితురాలుంది, వాళ్ళ తొట్టెలో పెరిగిన దాంట్లోంచి ఒక ముక్క ఇచ్చిందట. ఒట్టి చేత్తో ముట్టుకోవద్దు, విషముంటుంది అని చెప్పి, గ్లవుజులు వేసుకుని రాయి మీద కూర్చోబెట్టింది. ఇంకో సంచిలో రెండు నత్తలున్నాయి, గాజు మీద పాచి తినడానికి.

మా ఆయన నత్తల్ని చూసి వెనక్కి జరిగారు. "నత్తలా! చెరువులో నత్త కనపడితే ఏరి గట్టవతల పారేసేవాణ్ణి. చేతులారా తెచ్చి వేసుకుంటామా?"

"ఇక్కడ అవి కూలీలు నాన్నా. నీ పని తగ్గిస్తాయి."

"కూలీలైతే సరే," అని ఒప్పుకున్నారు గానీ, వారం రోజులు వాటిని అనుమానంగానే చూశారు.

మర్నాడు పొద్దున లైటు వేసిన గంటకు ఆ మొగ్గలు విచ్చుకున్నాయి. ఒక్కోటి చొక్కా బొత్తామంత. మధ్యలో చిలకపచ్చ, చుట్టూ నారింజ రంగు రేకలు. అచ్చం చిట్టి చేమంతులే, కాకపోతే నీళ్ళలో ఊగుతాయి. అవి పూలు కావు, జంతువులని గంగ చెప్పింది. ఏవైతేనేం, అంత ముద్దుగా ఉంటాయని నేననుకోలేదు. వంట మాడబెట్టుకుని మరీ చూశాను. ఆయన కుర్చీ లాక్కుని ముందు కూర్చున్నారు. వేలితో చూపిస్తూ లెక్కపెట్టారు. "ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. వేసిన సీడు ఐదు."

ఆ రోజు నుంచి ఇంట్లో కొత్త చట్టాలొచ్చాయి. చేతులు కడుక్కోకుండా గాజు ముట్టుకోకూడదు. అగరొత్తి పొగ ఆ వైపు పోకూడదు. ఆవిరైన నీళ్ళకు బదులు మినరల్ వాటర్ టిన్నులో నీళ్ళే పొయ్యాలి, ఉప్పు పెరగకుండా. ఎండలు ముదిరాక టేబుల్ ఫ్యాను కూడా తొట్టెకే పోయింది. నేను విసనకర్రతో విసురుకుంటుంటే, "నీకు చెమట పడుతుంది కదే, దానికి పట్టదు," అన్నారు. వాదన! కోపం రావలసింది పోయి సంతోషమేసింది. ఒక పావుగంట ఇద్దరం చక్కగా పోట్లాడుకున్నాం.

ఒక్కటే ఆయనకు మింగుడు పడలేదు. నీళ్ళు మరీ తేటగా ఉన్నాయి.

ఇది చెరువుల వాళ్ళకే తెలిసిన బాధ. రొయ్యల చెరువులో నీళ్ళు తేటగా ఉన్నాయంటే అందులో తిండి లేదని అర్థం. నీళ్ళకు లేతాకుపచ్చ రంగు రావాలి. దాన్ని మేం కలర్ అంటాం. కలర్ రాకపోతే బెల్లం, తవుడు, ఈస్టు డ్రమ్ములో నానబెట్టి, రెండు రోజులు పులియబెట్టి చెరువులో చల్లుతాం. దాన్ని జ్యూస్ అంటాం. మా చెరువులకు ఇరవై రెండేళ్ళూ జ్యూస్ కలిపింది నేనే. నా జ్యూస్ పడితే మూడో రోజుకి కలర్ రావలసిందే. ఈ విషయంలో నాకు గర్వముంది, దాచుకోను.

"తేటగా ఉండాలి నాన్నా, ఇది వేరు," అని గంగ ఫోన్లో చెప్పింది. ఆయన "ఆయ్, ఆయ్" అని ఫోన్ పెట్టేసి, మళ్ళీ తొట్టె ముందు కూర్చుని, "కలర్ లేదే, వీరలక్ష్మీ. ఏం తిని బతుకుతాయో," అని నిట్టూర్చారు. రోజూ అదే నిట్టూర్పు. నేను తట్టుకోలేకపోయాను. చదువుకున్న పిల్లకు పుస్తకం తెలుసు, చెరువు నాకు తెలుసు అనుకున్నాను.

ఆయన కొబ్బరి దింపులు చూడ్డానికి పోయిన ఒక మధ్యాహ్నం, స్టీలు గిన్నెలో రెండు రోజుల ముందే నానబెట్టిన జ్యూస్ వడకట్టి, చిన్న గరిటెడు, ఒకే ఒక్క గరిటెడు, తొట్టెలో పోశాను. చేతులు మాత్రం కడుక్కునే పోశాను.

మూడో రోజు దాకా ఆగలేదు. మర్నాడు పొద్దునకే కలర్ వచ్చింది. పచ్చ కాదు, తెల్ల. కుడితి నీళ్ళలా అయిపోయింది తొట్టె. నత్తలు రెండూ ఊపిరాడనట్టు నీటి అంచు పైకి పాకి కూర్చున్నాయి. ఐదు పూలూ ముడుచుకుపోయి, రాయి మీద ఐదు పులిపిర్లలా ఉన్నాయి.

ఆయన కేకలేస్తే బాగుండేది. కుర్చీలో కూర్చుని అరచేతులు తిప్పి చూసుకున్నారు, గట్టు మీద చూసుకున్నట్టే.

"చెప్పేను కదే. నా చెయ్యి అంతే," అన్నారు.

అప్పుడే చెప్పేయాల్సింది. నోరు రాలేదు. నా జ్యూస్ తప్పు చేస్తుందని ఒప్పుకోవాలి, ఆయన పెట్టిన చట్టం తప్పానని ఒప్పుకోవాలి. నేను తప్పు చేశానని ఒప్పుకున్న సందర్భం మా ఇంట్లో ఎవరికీ గుర్తులేదు, నాక్కూడా. రేపు తేటపడుతుందిలే అనుకుని వంటింట్లోకి పోయాను. ఆ పూట ఇడ్లీలు రాళ్ళలా వచ్చాయి. ఆయన మాట్లాడకుండా తిన్నారు.

పది గంటలకు హాల్లోంచి ఆయన గొంతు వినపడింది, ఫోన్లో. "ప్రసాద్ గారూ, నమస్కారమండి, ముత్యాలరాజునండి. ఒకటో తారీకు దాకా ఎందుకండి? రేపే కాగితాలు పట్టుకురండి, పెట్టేస్తాను... ఆయ్... ఆయ్."

చేతిలో గరిటె అలాగే ఉంది. అలాగే హాల్లోకి వచ్చాను.

"ఏవండీ, మీ చెయ్యి కాదు. నా చెయ్యి."

ఆయనకు అర్థం కాలేదు.

"జ్యూస్ పోసేనండి నేను. నిన్న మధ్యాహ్నం, మీరు దింపులకి పోయినప్పుడు. కలర్ లేదు, కలర్ లేదు అని మీరు బాధపడుతుంటే చూళ్ళేక పోసేను. నీళ్ళు మీరు బాగానే పెట్టేరు. చెడగొట్టింది నేను." అంతవరకు గట్టిగానే అన్నాను. ఆ తర్వాత ఏడుపొచ్చేసింది. సిగ్గుతో వచ్చిన ఏడుపది, గరిటె పట్టుకుని నించుని ఏడవడం ఇంకా సిగ్గు.

ఆయన నన్నూ, గరిటెనూ మార్చి మార్చి చూశారు.

"ఎంత పోసేవే?"

"ఈ గరిటెకి సగముంటుంది చూడండి, ఆ చిన్న గరిటె. దాంతో ఒకటే."

ఆయన పైకప్పు వైపు చూశారు. పెదాలు కదులుతున్నాయి. లెక్క వేస్తున్నారు! పాతిక లీటర్లకు గరిటెడైతే, ఎకరం చెరువుకు ఎన్ని లీటర్లు, డ్రమ్ముకు రెండు వందలు...

"ఓసి నీ! ఎకరానికి దగ్గర దగ్గర యాభై డ్రమ్ములు పోసేవే!" అన్నారు.

మేం ఎకరానికి వేసేది ఒక్క డ్రమ్ము.

"యాభై డ్రమ్ములే!" అని మళ్ళీ అన్నారు. అని, నవ్వడం మొదలుపెట్టారు. ముందు భుజాలు కదిలాయి, తర్వాత పొట్ట కదిలింది, తర్వాత కుర్చీ కిర్రుమంది. "యాభై డ్రమ్ములు పోస్తే గోదావరైనా తెల్లబడిపోద్ది కదే!" కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. ఆ నవ్వు విని నాకు ఏడుపు ఎప్పుడు ఆగిందో, నేనెప్పుడు నవ్వడం మొదలుపెట్టానో తెలియలేదు. నిండుగా, పళ్ళన్నీ కనపడేట్టు నవ్వే మా ఆయన్ని చూసి నాకు ఏడాదిన్నరైంది.

నవ్వు ఆగీ ఆగకుండానే లేచి లుంగీ పైకి మడిచి కట్టారు.

"చావలేదే అవి. ముడుచుకున్నాయంతే. గాలి చాలక. ఆ రెండో గాలి మోటరు తీసుకురా. పెరట్లో డ్రమ్ములో శుద్ధి చేసిన నీళ్ళున్నాయి, బకెట్టు తే. గ్లవుజులేవి?"

చెరువు పక్కన ఎప్పుడూ ఒక గుంటలో మంచి నీళ్ళు సిద్ధంగా ఉంచుకోవడం ఆయన అలవాటు. ఇక్కడా ఉంచుకున్నారు. ప్రసాద్ గారికి ఫోన్ చేసి, "రేపొద్దండి, ఒకటో తారీకునే రండి. ఇంట్లో చిన్న ఇదొచ్చిందండి," అన్నారు. ఆ ఇది నేనే.

తొమ్మిది రోజులు రోజూ ఐదేసి లీటర్ల నీళ్ళు తీసి ఐదేసి లీటర్లు పోశారు. సన్న గొట్టంతో ఇసుక మీది మడ్డి లాగేవారు. నేను బకెట్లు మోశాను, శిక్ష అనుకుని కాదు, నాకు ఇష్టమై. ఒక మధ్యాహ్నం కరెంటు పోతే ఇద్దరం వంతులు వేసుకుని గంటన్నర సేపు గ్లాసుతో నీళ్ళు ముంచి పైనుంచి పోస్తూ కూర్చున్నాం. నాలుగో రోజుకి తేటపడింది. నత్తలు దిగొచ్చాయి. మా ఆయన వాటిని చూసి, "కూలీలు పనిలోకొచ్చేరు," అన్నారు. పూలు మాత్రం తెరుచుకోలేదు.

పదో రోజు పొద్దున పాలు పొంగుతుంటే ఆయన కేక వినపడింది. పాలు వదిలేసి పరిగెత్తాను. రెండు తెరుచుకున్నాయి. సాయంత్రానికి నాలుగు. మర్నాటికి ఐదూ విచ్చుకున్నాయి, ముందుకంటే పెద్దగా. పొయ్యి మీద పొంగిన పాలు ఎవరూ తుడవలేదు. గంగ ఆదివారం వచ్చి, జరిగిందంతా విని, "అమ్మా, నువ్వు తప్పు ఒప్పుకున్నావా? నిజంగా?" అని దాన్నే నాలుగుసార్లు అడిగింది. పగడం సంగతి ఒక్కసారే అడిగింది.

జూన్ ఒకటో తారీకు పొద్దున ఆంజనేయప్రసాద్ గారు కాగితాల సంచీతో వచ్చారు. నేను కాఫీ ఇచ్చాను. మా ఒప్పందం ప్రకారం తొట్టెలో ప్రాణం బతికే ఉంది, కాబట్టి సంతకం ఉండకూడదు. కానీ పందెం కట్టి అనిపించిన మాట వేరు, మనసు వేరు. నాతో పందెం ఓడినందుకు సంతకం మానేస్తే ఆయన మళ్ళీ గట్టు మీద అరచేతులు చూసుకుంటూనే కూర్చుంటారు. తనంతట తను అనాలి. అందుకే ఆ ఒప్పందం గుర్తు చేయలేదు. నేను నోరెత్తకుండా ఉండడం ఎంత కష్టమో ఆ పూటే తెలిసింది.

ప్రసాద్ గారు కాఫీ పట్టుకుని తొట్టె ముందు వంగారు. పైన దారాలు, కింద వల చూసి, చెరువుల మనిషి కదా, నవ్వలేదు.

"బాగుందండి రాజు గారూ. సీడు ఎంత వేసేరండి?"

"ఐదండి."

"సర్వైవల్ ఎంతండీ?"

చెరువుల వాళ్ళు కలుసుకుంటే అడిగే మాటే అది. వేసినవాటిలో నూటికి ఎన్ని బతికాయని. ఎనభై అంటే పండగ. మా ఆఖరి పంటకు ఆ ప్రశ్న అడిగినప్పుడు మా ఆయన తల దించుకుని వచ్చేశారు.

ఆయన తొట్టె దగ్గరకొచ్చి, అలవాటు చొప్పున వేలితో లెక్కపెట్టారు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. వేలు ఆగింది. ఇంకొంచెం వంగారు. ముక్కు గాజుకు తగిలింది. చేతులు కడుక్కోకుండా గాజు ముట్టుకున్నారు!

"వీరలక్ష్మీ, ఇలా రా. ఇదేంటో చూడు."

రాయి వెనక వైపు, ఐదో పూవు మొదట్లో, ఆవగింజకంటే కొంచెం పెద్దది. చిలకపచ్చ మధ్య ఇంకా రాలేదు. చుట్టూ సన్నటి రేకలు మాత్రం ఉన్నాయి, నీళ్ళలో ఊగుతున్నాయి. పిల్ల.

మా ఆయన నిటారుగా నించున్నారు.

"నూట ఇరవై శాతమండి," అన్నారు.

"ఆయ్?" అన్నారు ప్రసాద్ గారు.

"ఐదు వేసేనండి. ఆరున్నాయండి. సర్వైవల్ నూట ఇరవై."

ప్రసాద్ గారు ముప్ఫై ఏళ్ళుగా చెరువులు చేస్తున్నారు, ఆ లెక్క ఎప్పుడూ విని ఉండరు. కళ్ళజోడు సర్దుకుని వంగి చూశారు. తర్వాత మా ఆయన మొహం చూశారు. కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టి, కాగితాల సంచీ జిప్పు మూసేశారు.

"మరి మీ చెరువుల మీదున్న మా మోటర్లు ఎప్పుడు తీసుకుపొమ్మంటారండి?" అన్నారు.

"మీ పంట పట్టుబడి అయ్యేక తీరుబడిగా తీసుకెళ్ళండి. తొందరేం లేదండి," అన్నారు మా ఆయన. మొహం నాకు కనపడకూడదని దారాలు సర్దుతున్నట్టు అటు తిరిగారు.

ఆయన్ని గుమ్మం దాకా సాగనంపి వచ్చి, వంటింటి తలుపు దగ్గర ఆగారు. నేను ఏడుస్తున్నానో నవ్వుతున్నానో చూడ్డానికి వచ్చారనుకుంటాను. రెండూ చేస్తున్నాను.

"వీరలక్ష్మీ, అటక మీద జ్యూస్ డ్రమ్ములున్నాయి కదే, దింపి కడుగు. ఎకరానికి ఒకటి చాలు. యాభై వద్దు."